టూలెట్: కార్డులో అరవై మూడు పోర్షన్లు

సొంత ఇల్లు ఉందా అని అడిగి పిల్లనిచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు కంపెనీలని కూడా సొంత క్లౌడ్ ఉందా అని అడుగుతున్నారు. మా కంపెనీకి ఉంది. మూడో అంతస్తులో, జిరాక్స్ మిషన్ పక్కన, ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన గదిలో. మూడు సర్వర్లు, ఒకటిన్నర టన్నుల ఏసీ, దసరాకి ర్యాకుకి పెట్టిన పసుపు కుంకుమ, ఎండిపోయిన నిమ్మకాయ. మేఘం అంటే ఇంతేనా అని పెదవి విరిచేవాళ్లకి ఒక్క మాట. వర్షం కూడా ఉంది. ఏసీ పైపు కారుతుంటే కింద బకెట్ పెట్టాం.

అంతకుముందు వాడిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెన్యువల్ కొటేషన్ చూసి మా ఫైనాన్స్ ఆయన మంచినీళ్లు అడిగారు. ఈ మహాయజ్ఞం అక్కడ మొదలైంది. డబ్బు కట్టక్కర్లేనిది ఏముందా అని వెతికితే, సొంత క్లౌడ్ కట్టుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్ కనిపించింది. 2010లో దాన్ని మొదలుపెట్టినవాళ్లలో నాసా కూడా ఉందని చెప్పగానే మా డైరెక్టర్ గారు ఇంకేం అడగలేదు. రాకెట్లు పంపేవాళ్లకి పనికొచ్చింది, మన హాజరు పట్టీకి పనికిరాదా!

అవును, మా క్లౌడ్ మీద నడిచే ముఖ్యమైన అప్లికేషన్ హాజరు పట్టీ. ఉదయం తొమ్మిదిన్నరకి జనం వేలిముద్రలు వేస్తారు, సాయంత్రం ఆరింటికి మళ్లీ వేస్తారు. మధ్యలో నాలుగు సెలవు చీటీలు. నెట్‌వర్క్ గ్రాఫు ఏనాడూ నలభై మెగాబిట్లు దాటిన పాపాన పోలేదు. ఒకప్పుడు ఇది ఒక పాత సర్వర్ మీద నడిచేది. దాన్ని వర్చువల్ మెషిన్‌గా, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి సర్వర్‌గా (ముద్దుపేరు వీఎం), మార్చేశాక ఖాళీ అయిన పెట్టె హెచ్‌ఆర్ గదిలో ప్రింటర్ కింద స్టూలుగా స్థిరపడింది.

వర్చువలైజేషన్ మనకేం కొత్త కాదు. తాడుని చూసి పాము అనుకోవడం గురించి మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. వీఎం తనకో నెట్‌వర్క్ కార్డు ఉందనుకుంటుంది. ఉన్నది కార్డు కాదు, ప్రోగ్రాము. బయటినుంచి వచ్చిన ప్యాకెట్, అంటే డేటా మూట, నేరుగా దానికి అందదు. అసలు కార్డు హోస్ట్ కెర్నల్‌కి, అంటే అసలు సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి ఇస్తుంది, కెర్నల్ వర్చువల్ స్విచ్‌కి ఇస్తుంది, స్విచ్ ఫైర్‌వాల్ నియమాలు సరిచూసి, కాపీ తీసి వీఎంకి పంపుతుంది. ఎమ్మార్వో ఆఫీసులో కుల ధృవీకరణ పత్రం కోసం తిరిగినవాళ్లకి ఈ ప్రయాణం ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఇందులో నిజమైన చిక్కు ఒకటుంది, అది ఒప్పుకోవాలి. 10 గిగాబిట్ల లైను నిండా 64 బైట్ల అతి చిన్న ప్యాకెట్లే వస్తే సెకనుకి 1 కోటి 48 లక్షల 80 వేల ప్యాకెట్లు అవుతాయి. ఒక్కోదానికి 67 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కి అది దాదాపు 200 సైకిళ్లు. ఆ కాస్త వ్యవధిలో ఇందరి సంతకాలు పడాలంటే పడవు. టెలికాం కంపెనీలకి ఇది నిజంగా ప్రాణసంకటం. మా దగ్గర వేలిముద్రలు అంత వేగంగా వేసేవాళ్లు లేరు గానీ, రేపు చేరొచ్చు కదా. ముందుచూపు అంటే అదే.

అందుకని డైరెక్టర్ గారు ఒక కాన్ఫరెన్సు నుంచి తిరిగి రాగానే, "మనం హార్డ్‌వేర్ వర్చువలైజేషన్‌కి వెళ్లాలి" అన్నారు. దాని అసలు పేరు ఎస్ఆర్-ఐఓవీ. పీసీఐ-సిగ్ అనే సంస్థ 2007లో ఈ ప్రమాణం మొదటి కూర్పు తెచ్చింది. పేరు చూసి భయపడతారు గానీ హైదరాబాద్‌లో ఒక్క ఏడాది అద్దెకున్నవాడికి అర్థం కానిదేమీ లేదు ఇందులో. ఇది పోర్షన్ల వ్యవహారం. ఒక్క కార్డుని కార్డే స్వయంగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి వేరే గుమ్మం, వేరే మీటరు పెట్టి వీఎంలకి అద్దెకిస్తుంది. ఇంటి ఓనరు ఫిజికల్ ఫంక్షన్. పోర్షన్లు వర్చువల్ ఫంక్షన్లు. ఇంటెల్ 82599 కార్డయితే లైనక్స్‌లో ఒక్కో పోర్టుకి 63 పోర్షన్లు వేయొచ్చు. మా బస్తీలో నూట ఇరవై గజాల మేస్త్రీలు కూడా ఇంత సాహసం చేయలేదు.

ఓనర్ల స్వభావం ఇక్కడా మారలేదు. అద్దెకున్నవాడు గుమ్మం మీద నేమ్‌బోర్డు, అంటే మ్యాక్ అడ్రసు, తనంతట తాను మార్చుకోకూడదు. ఓనరు 'ట్రస్ట్ ఆన్' అని కమాండ్ ఇచ్చి తన నమ్మకం ప్రకటించాలి. మనుషుల మధ్య నమ్మకానికి ఇలాంటి స్విచ్ లేకపోవడం వల్లే ఇన్ని కోర్టు కేసులు.

ముహూర్తం శనివారం రాత్రి పదకొండుకి. నేనూ, మా జూనియర్ కుర్రాడూ, రెండు ఎగ్ పఫులూ. మొదట బయోస్‌లోకి, అంటే సర్వర్ లేవగానే చూసుకునే సెట్టింగుల్లోకి వెళ్లాం.

"అన్నా, వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అనే ఉంది ఇక్కడ."

"అది వీటీ-ఎక్స్ రా, ప్రాసెసర్‌కి. మనకి కావల్సింది కార్డుల్ని వీఎంలకి అప్పగించే వీటీ-డీ."

అది ఇంకో మెనూలో ఉంది. ఆన్ చేసి రీస్టార్ట్ చేస్తే సర్వర్ తన మెమొరీ అంతా లెక్కపెట్టుకుని, ఫ్యాన్లు రొద పెట్టి, ఏడు నిమిషాలకి లేచింది. అప్పుడు తెలిసింది, ఎస్ఆర్-ఐఓవీకి మూడో మెనూలో ఇంకో స్విచ్ ఉందని. మళ్లీ ఏడు నిమిషాలు. ఆ తర్వాత కెర్నల్‌కి ఐఓఎంఎంయూ, అంటే కార్డు ఏ మెమొరీలోకి రాయొచ్చో కాపలా కాసే దాని సంగతి చెప్పడం మర్చిపోయామని గుర్తొచ్చింది. ఇంకో ఏడు. పఫులు అయిపోయాయి.

పోర్షన్లు వేయడం మటుకు తేలిక. 2013లో వచ్చిన లైనక్స్ 3.8 నుంచి దానికో చిన్న ఫైలు ఉంది, అందులో అంకె రాస్తే చాలు. మావాడు నాలుగు రాశాడు, నాలుగు పోర్షన్లు లేచాయి. ఉత్సాహం పట్టలేక ఎనిమిది రాశాడు. 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అంది. నాలుగుని ఎనిమిది చేయాలంటే ముందు సున్నా రాయాలట. అంటే ఉన్నవాళ్లందరినీ సామానుతో సహా వీధిలో నిలబెట్టి, గోడలు కూల్చి, మళ్లీ కట్టాలి. సరే కట్టాం. కాసేపటికి ఇంకేదో పనికి రీస్టార్ట్ చేస్తే ఎనిమిది పోర్షన్లూ మాయం. ఆ అంకె దానికి గుర్తుండదు, బూట్ అయిన ప్రతిసారీ మళ్లీ రాసేలా మనమే స్క్రిప్టు పెట్టుకోవాలి. తెల్లవారుజామున మూడున్నరకి హాజరు పట్టీ వీఎం కొత్త పోర్షన్‌లో పాలు పొంగించింది. ఇంటర్‌ఫేస్ పేరు మారిపోవడంతో తన ఐపీ అడ్రసు తానే మర్చిపోయింది, అది వేరే కథ.

ఇక ప్రయోజనాలు. ఇదివరకు వీఎంకి వచ్చేపోయే ట్రాఫిక్‌ని క్లౌడ్ వారి ఫైర్‌వాల్ గేటు దగ్గర ఆపి చూసేది. వాచ్‌మన్ ఇప్పటికీ గేటు దగ్గరే కూర్చున్నాడు. కాకపోతే కొత్త పోర్షన్‌కి తలుపు నేరుగా వీధిలోకే ఉంది. హోస్ట్ మీద ప్యాకెట్లని తొంగిచూసే టీసీపీ డంప్ పెట్టి చూద్దామన్నా ఆ ప్యాకెట్లు కనపడవు, ఎందుకంటే అవి అటువైపు రావు. గోప్యత అంటే ఇలా ఉండాలి, చివరికి నాకు కూడా తెలియకూడదు. మెమొరీ సంగతీ అంతే. కార్డు నేరుగా వీఎం మెమొరీలోకి రాస్తుంది కాబట్టి దానికి కేటాయించినదంతా కదలకుండా కట్టేయాలి. హాజరు పట్టీ వాడేది ఆరు జీబీ, కట్టేసింది ముప్పై రెండు. పెళ్లిభోజనాల్లో బంధువు కోసం రుమాలేసిన కుర్చీల్లాగా మిగతా ఇరవై ఆరు జీబీ గౌరవంగా ఖాళీగా ఉంది.

సోమవారం డైరెక్టర్ గారి ముందు స్పీడు పరీక్ష. 9.4 గిగాబిట్లు వచ్చింది.

"శభాష్! ఇదివరకు ఎంతుండేది?"

"9.4 సార్."

చిన్న ప్యాకెట్లు వరదలా వస్తేనే తేడా తెలుస్తుందనీ, పెద్ద ఫైళ్లకి పాత పద్ధతీ లైను నింపేసేదనీ చెప్పబోయాను. ఆయన అప్పటికే ప్రెజెంటేషన్‌లో 'పనితీరులో స్థిరత్వం' అని రాసుకుంటున్నారు.

పదిరోజులు అంతా సుభిక్షం. పదకొండో రోజు ఆ సర్వర్‌కి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చింది, దానికి సర్వర్‌ని ఆపాలి. మామూలుగా అయితే దిగులే లేదు. నడుస్తున్న వీఎంని నడుస్తుండగానే పక్క సర్వర్‌కి జరపడం కోసమే కదా ఈ వర్చువలైజేషన్ అంతా. జరపబోతే జరగనంది. పోర్షన్ ఈ ఇంటి గోడల్లో భాగం, లారీలో ఎక్కించలేం. ఓపెన్‌స్టాక్ 2019లో వచ్చిన ట్రెయిన్ అనే వెర్షన్ నుంచి దీనికీ దారి చూపించింది. కార్డు ముక్కని ఊడదీసి, వీఎంని జరిపి, అక్కడ ఇంకో ముక్క తగిలిస్తుంది. ఈ మధ్యలో ఆ కార్డు మీద నెట్‌వర్క్ ఉండదు. పేరు ట్రెయినే గానీ, ఎక్కేముందు హోల్డాలు ప్లాట్‌ఫారం మీద వదిలేయాలి. అది చేద్దామన్నా మా మిగతా రెండు సర్వర్లలో ఇంకా పోర్షన్లు వేయలేదు. దాంతో ఉదయం తొమ్మిదిన్నరకి జనం వేలిముద్ర యంత్రం ముందు లైను కట్టి, చివరికి రిజిస్టరులో సంతకాలు పెట్టారు. చాలామంది ఎనిమిదీ నలభై అని రాశారు.

సాయంత్రం మీటింగులో డైరెక్టర్ గారు చాలాసేపు ఆలోచించారు.

"ఆ వీఎం కార్డుని ఎవరితోనూ పంచుకోదు, మెమొరీ పంచుకోదు, కదలదు. అలాంటప్పుడు దానికే విడిగా ఒక మెషిన్ ఇచ్చేస్తే?"

"ఇవ్వచ్చు సార్. బేర్ మెటల్ క్లౌడ్ అంటారు దాన్ని."

"అద్భుతం. మన దగ్గర సర్వర్ ఏదైనా ఖాళీగా ఉందా?"

ప్రింటర్ కింద పెట్టుకోవడానికి రెండడుగుల ఎత్తు స్టూలొకటి కావాలని అడ్మిన్ వాళ్లకి మెయిల్ పెట్టాను. మూడు కొటేషన్లు తెమ్మన్నారు.