హెడ్ కోచ్ గారికి లాక్రాస్ ఆడించే తీరిక ఎక్కడిది?

అమెరికా కాలేజీల్లో మహిళల లాక్రాస్ హెడ్ కోచ్ పదవికి కావలసిన అర్హతల్లో లాక్రాస్ తెలిసి ఉండటం కూడా ఒకటి. ఉద్యోగ ప్రకటన ఒకసారి చదవండి. డిగ్రీ ఉండాలి, పీజీ ఉంటే మరీ మంచిది. నాలుగైదేళ్ల అనుభవం ఉండాలి. బడ్జెట్ వేయాలి, విరాళాలు వసూలు చేయాలి, విద్యార్థుల మార్కులు కనిపెట్టుకుని ఉండాలి. చెల్లుబాటయ్యే డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి, ఎందుకంటే చిన్న కాలేజీల్లో వ్యాను నడిపేది కూడా ఆవిడే. అట్టడుగున "అప్పగించిన ఇతర పనులు" అని ఒక ముక్క ఉంటుంది. అసలు ఉద్యోగం ఆ ముక్కలోనే ఉంది. పైన రాసినదంతా దానికి ఉపోద్ఘాతం.

ఆట సంగతి తెలియనివారికి క్లుప్తంగా. గోల్ కాసే గోలీతో కలిపి జట్టుకు పన్నెండు మంది. కర్ర చివర చిన్న వల. పసుపు రంగు రబ్బరు బంతి. ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు ఉన్న గోల్. మగవాళ్ల ఆటలోలాగా ఒకరినొకరు గుద్దుకోకూడదు. కళ్లకు గాగుల్స్, పళ్లకు మౌత్‌గార్డ్ తప్పనిసరి. గట్టి హెల్మెట్ గోలీకి మాత్రమే. పుట్టుకతో ఇది ఉత్తర అమెరికా మూలవాసులది. ఆడపిల్లల ఆటగా 1890లో స్కాట్లండ్‌లోని ఒక బాలికల బడిలో మొదలై, 1926లో రోజాబెల్ సింక్లెయిర్ అనే టీచరమ్మ చేతుల మీదుగా బాల్టిమోర్ చేరింది. అందుకే నేటికీ మేరీలాండ్, వర్జీనియా, న్యూజెర్సీ వైపు దీని జోరు ఎక్కువ. మనవాళ్లు ఇళ్లు కొనుక్కున్నదీ అక్కడే కాబట్టి, కూచిపూడి క్లాసుకు వెళ్లే కారు డిక్కీలో లాక్రాస్ స్టిక్కు కనబడితే కంగారు పడకండి.

ఇక ఈ ఉద్యోగాలు ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయి? ఆట మీద ప్రేమతో అనుకుంటే మీరు అమాయకులు. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. విద్యాసంస్థల్లో ఆడా మగా తేడా చూపకూడదంది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఒక్కటే వంద మందికి పైగా మగపిల్లల్ని మింగేస్తుంది. అటువైపు తూకం సరిపోవాలంటే ఇటువైపు ఆడపిల్లలు కావాలి, అదీ ఒకేసారి ముప్ఫై మందికి తగ్గకుండా. గోల్ఫ్ పెడితే పది మంది కూడా రారు. లాక్రాస్‌కు కొత్త స్టేడియం అక్కర్లేదు. సాకర్ మైదానం మీదే ఇంకో రంగుతో గీతలు గీస్తే సరిపోతుంది. కాలేజీ క్రీడా విభాగానికి పెద్ద అయిన అథ్లెటిక్ డైరెక్టర్ లెక్క తేలిపోయింది. మొదటి ప్రెస్‌మీట్‌లో "ఈ క్రీడ పట్ల మా చిరకాల నిబద్ధత" అంటాడు. చిరకాలం అంటే లాయరు ఉత్తరం వచ్చినప్పటినుంచి.

ఈ పీఠం ఎక్కే మెట్లు తెలుసుకోవడం కూడా అవసరమే. ముందు కాలేజీలో నాలుగేళ్లు ఆడాలి. తర్వాత మొన్నమొన్నటి దాకా "వాలంటీర్ కోచ్"గా చేరాల్సి వచ్చేది. అంటే అందరితో సమానంగా పని, సమ్మర్ క్యాంపుల్లో దొరికే చిల్లరతో అద్దె. ఈ వాలంటీర్ పోస్టును కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 2023లో ఎత్తేసి, ఇక జీతం ఇవ్వవచ్చని అనుమతించింది. "ఇవ్వవచ్చు" అంది గానీ "ఇవ్వాలి" అనలేదు, గమనించగలరు. ఆ తర్వాత అసిస్టెంట్, ఆపైన అట్టడుగు శ్రేణి అయిన డివిజన్ త్రీ కాలేజీలో హెడ్ కోచ్. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్పులు ఉండవు. జెర్సీలు ఉతికించే బాధ్యత ఉంటుంది. ఇవన్నీ దాటుకుంటూ వస్తే, మోకాలి చిప్ప అరిగే వేళకు పై శ్రేణి అయిన డివిజన్ వన్ పీఠం దక్కవచ్చు.

పీఠమెక్కాక అసలు కొలువు మొదలవుతుంది. దాని పేరు రిక్రూటింగ్, అంటే బడి పిల్లల్లోంచి జట్టుకు కావలసినవారిని ఏరి తెచ్చుకోవడం. ఒకప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల చేత "మీ కాలేజీలోనే చేరతాను" అని మాట పుచ్చుకునేవారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ పిల్ల ఇంకా ఎంత పొడుగు పెరుగుతుందో తెలియదు, ఆ కోచ్ నాలుగేళ్లకు ఉంటుందో లేదో తెలియదు, ఇద్దరూ మాట ఇచ్చేసుకునేవారు. ఈ బాల్యవివాహాలు చూడలేక కోచ్‌లే మొత్తుకుంటే, 2017లో ఎన్‌సీఏఏ నిబంధన తెచ్చింది. పదకొండో తరగతి సెప్టెంబరు 1 దాకా కోచ్ ఆ పిల్లతో రిక్రూటింగ్ మాట ఎత్తకూడదు. ఫోన్ లేదు, మెసేజ్ లేదు, మెయిలుకు జవాబు లేదు.

ఫలితం ఏమిటంటే, వేసవంతా కోచ్ మౌనవ్రతం. టోర్నమెంటులో పది పన్నెండు మైదానాలు పక్కపక్కనే ఉంటాయి. జులై ఎండలో మడత కుర్చీ, కాలేజీ లోగో ఉన్న టోపీ, ఒళ్లో జట్ల జాబితా. కోచ్ ఒక్క ముక్క మాట్లాడదు. ఆ టోపీ ఎవరిదో తెలుసుకోవడానికి మైదానంలో ఉన్న ఇరవై నాలుగు మంది పిల్లలూ బంతి వదిలేసి ఇటే చూస్తుంటారు. చూసేవారు గోల్స్ లెక్కపెడతారనుకుంటారు తల్లిదండ్రులు. కోచ్ చూసేవి వేరు. నేల మీది బంతిని పరుగు ఆపకుండా ఎత్తుకుంటుందా, ఎడమ చేత్తో పాస్ ఇవ్వగలదా, బంతి పోగొట్టుకున్న తర్వాత మూడు సెకన్లలో వెనక్కి తిరిగి పరుగెత్తుతుందా లేక చేతులు చాచి అంపైర్ వైపు చూస్తుందా. అన్నిటికన్నా ముఖ్యంగా, గీత అవతల నిలబడి అరుస్తున్న ఆ నాన్నగారు ఎవరి నాన్నగారు?

పిల్లలు పంపే వీడియోలది ఇంకో లోకం. మూడు నిమిషాలు, హోరెత్తే పాట, గుండ్రని గుర్తు చుట్టిన పద్నాలుగో నంబరు, ఇరవై గోల్స్. అవి ఎవరి మీద కొట్టిందో చెప్పదు. తెలివైన కోచ్ జవాబు ఇవ్వదగిన రోజు వచ్చాక ఒక్కటే అడుగుతుంది, "పూర్తి మ్యాచ్ వీడియో ఉందా?" సగం దరఖాస్తులు అక్కడితో సద్దుమణుగుతాయి.

మాట్లాడకూడదు గానీ క్యాంపు కరపత్రం పంపవచ్చు. ఇది నిబంధనల్లోని అందం. "మీ ప్రతిభ మా దృష్టికి వచ్చింది, మా ప్రాస్పెక్ట్ డేకు (చేరదలచినవారి క్యాంపుకు) రండి" అని ఒకే ఉత్తరం వేల మందికి వెళ్తుంది. క్యాంపు అందరికీ తెరిచి ఉంచాలన్నది కూడా నిబంధనే కాబట్టి, దృష్టికి రానివారు ఎవరూ ఉండరు. ఆ డబ్బుతోనే అసిస్టెంట్లకు నాలుగు రాళ్లు మిగులుతాయి. ఆ ఉత్తరం స్క్రీన్‌షాట్ మాత్రం అదే సాయంత్రానికి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో విజయవాడ దాకా చేరి, "మా మనవరాలికి స్కాలర్‌షిప్ వచ్చింది" అయిపోతుంది.

స్కాలర్‌షిప్ అంటే గుర్తొచ్చింది. చాలా ఏళ్లు డివిజన్ వన్ జట్టుకు గరిష్ఠంగా 12 పూర్తి స్కాలర్‌షిప్పులే ఉండేవి. వాటిని ముప్ఫై పైచిలుకు మందికి పంచాలి. కాబట్టి కోచ్ గారు పావలా, అర్ధ, ముప్పావలా లెక్కన కత్తిరించి ఇచ్చేది. ఇంటావిడ బియ్యం కొలిచినట్టు గోలీకి ఇంత, డ్రా (ఆట మొదలుపెట్టే బంతి పోటీ) తీసేదానికి ఇంత. 2025లో, ఆటగాళ్లు వేసిన దావాలో ఎన్‌సీఏఏ కుదుర్చుకున్న కోర్టు ఒప్పందం తర్వాత, అందులో చేరిన కాలేజీలకు ఆ 12 హద్దు పోయి, దాని బదులు జట్టులో 38 మందికి మించకూడదన్న హద్దు వచ్చింది. ఎంతమందికైనా పూర్తిగా ఇచ్చుకోవచ్చు. డబ్బు? అది ఫుట్‌బాల్ వాళ్లు భోంచేశాక మిగిలితే. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ వారికి ఈ బాధే లేదు, వాళ్లు క్రీడా స్కాలర్‌షిప్పులు మొదటినుంచీ ఇవ్వరు.

శిక్షణకు సమయం ఎంతంటే, సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు, వారంలో ఒక రోజు పూర్తి సెలవు. మ్యాచ్ రోజు ఎంతసేపు సాగినా 3 గంటలుగానే లెక్క. బస్సులో గడిచిన గంటలు లెక్కలోకి రావు. సీజన్ లేనప్పుడు వారానికి 8 గంటలు. అంతకు మించి పిల్లలు "స్వచ్ఛందంగా" సాధన చేసుకోవచ్చు. ఎవరు వచ్చారో కోచ్ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. కోచ్ ఆఫీసు కిటికీ మైదానం వైపుకే తెరుచుకోవడం కేవలం వాస్తు.

ఎట్టకేలకు ఫిబ్రవరిలో ఆట మొదలవుతుంది. మైదానం మీద మంచు తోసి, వేళ్లు కొంకర్లు పోతుండగా. ఇక్కడ కోచ్ తలరాతను నిర్ణయించేది ఒక్క విషయం, డ్రా. నడిగీత దగ్గర ఇద్దరు సెంటర్లు కాలి వేళ్లు గీతకు ఆనించి నిలబడతారు. రెండు స్టిక్కుల తలలూ నడుము కంటే ఎత్తున, వీపుకు వీపు ఆనించి పట్టుకుంటారు. మధ్యలో అంపైర్ బంతిని ఇరికిస్తుంది. విజిల్ పడగానే ఇద్దరూ పైకి, బయటికి లాగాలి. బంతి ఇద్దరి తలల కంటే పైకి లేవాలి. లేవకపోతే ఫౌల్. విజిల్‌కు ముందే మణికట్టు కదిలితే ఫౌల్. చుట్టూ కాచుకున్న అమ్మాయి వలయంలోకి ముందే అడుగు పెడితే ఫౌల్. ప్రతి ఫౌల్‌కూ బంతి అవతలివాళ్లది.

గోల్ పడిన ప్రతిసారీ మళ్లీ డ్రాయే. గోల్ తిన్నవాళ్లకు బంతి ఇవ్వడమనే దయాదాక్షిణ్యం ఈ ఆటలో లేదు. అవతలి సెంటర్ చేయి తిరిగినదైతే, మీ జట్టు బంతి ముఖం చూడకుండానే అయిదు గోల్స్ తింటుంది. మీ దగ్గర దేశంలోకెల్లా గొప్ప షూటర్ ఉండవచ్చు, ఆమె అటు చివర నిలబడి గోళ్లు చూసుకుంటూ ఉంటుంది. కోచ్ టైమౌట్ తీసుకుంటుంది, సెంటర్‌ను మారుస్తుంది, తన వైపే లాక్కోమంటుంది, కాదు పక్కనున్న పిల్ల వైపు తొయ్యమంటుంది. అప్పుడు స్టాండ్స్‌లోనుంచి ఒక మాజీ విద్యార్థిని, పెద్ద దాత, అమూల్యమైన సలహా ఇస్తుంది: "డ్రా గెలవండి!"

స్టిక్కుల తనిఖీ ఇంకో గండం. బంతిని వలలో పెట్టి కంటి ఎత్తున పట్టుకుంటే, బంతి పైభాగం పక్క చట్రం మీదుగా కనబడాలి. కనబడకపోతే వల మరీ లోతైనట్టు. పొద్దున బిగువుగా ఉన్న అల్లిక వానలో తడిసి రెండో క్వార్టర్‌కల్లా సాగుతుంది. సరిగ్గా అప్పుడు మీ పిల్ల గోల్ కొడుతుంది, అవతలి కోచ్ తనిఖీ అడుగుతుంది, గోల్ రద్దు. ఇందుకే అనుభవమున్న అసిస్టెంట్ జేబులో ఎప్పుడూ తాళ్లు, కత్తెర ఉంటాయి. వాటి అవసరం వ్యూహాల పలక అవసరం కంటే ఎక్కువ.

షూటింగ్ స్పేస్ అనే నిబంధన సంగతి ఎత్తకపోవడమే మంచిది. షూటర్‌కూ గోల్‌కూ మధ్య దారిలో, స్టిక్కు దూరంలో ఎవరినీ కాచుకోకుండా డిఫెండర్ నిలబడితే ప్రమాదమని ఫౌల్ ఇస్తారు. ఆ పిల్ల క్షేమం కోసమే. ముప్ఫై ఏళ్లు చూసిన తల్లిదండ్రులకు కూడా ఇది అర్థం కాదు. అర్థం కానిదాని మీద అరవడానికి అభ్యంతరం ఏమీ లేదు.

మ్యాచ్ అయిపోగానే ఫోను. "మా అమ్మాయి నాలుగే నిమిషాలు ఆడింది." కోచ్ దగ్గర దీనికి ఖాయమైన జవాబు ఉంది: ఆడే సమయం గురించి అమ్మాయే వచ్చి మాట్లాడాలి. అమ్మాయి రాదు. జూన్‌లో, కాలేజీ మారదలచిన ఆటగాళ్ల జాబితా అయిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో పేరు పెడుతుంది. ఒకప్పుడు కాలేజీ మారితే ఏడాది కూర్చోవాలని భయముండేది, ఇప్పుడు మార్కులు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారవచ్చు. కాబట్టి పదకొండో తరగతి దాకా మౌనవ్రతం పట్టి తెచ్చుకున్న పిల్లకు, రెండేళ్లు డ్రా నేర్పించి, నిరుడు మిమ్మల్ని ఓడించిన జట్టుకు అప్పగించడమే శిక్షణ అన్నమాట.

ఇంత చేశాక కోచ్‌ను కొలిచే గజం ఏది? అథ్లెటిక్ డైరెక్టర్ గదిలో ఒకే ఒక పురాణం పారాయణం జరుగుతుంది. నార్త్‌వెస్టర్న్‌లో కెల్లీ అమోంటె హిల్లర్ 2002లో జట్టును మళ్లీ నిలబెట్టి, 2005లో ఒక్క ఓటమి లేకుండా జాతీయ టైటిల్ కొట్టింది, అక్కడినుంచి వరసగా అయిదు. నాలుగో సీజన్‌కే! మీరెందుకు చేయలేరు? అని. రెండో పురాణం ఎవరూ చదవరు. నార్త్ కరోలినాలో జెన్నీ లెవీ 1996లో జట్టు పుట్టిన నాటినుంచీ ఉంది. మొదటి టైటిల్ 2013లో, మూడు ఓవర్‌టైముల తర్వాత మేరీలాండ్ మీద 13-12తో. పద్దెనిమిదో సీజన్. ఆ తర్వాత 2016, 2022, 2025. ఈ రోజుల్లో పద్దెనిమిది సీజన్లు ఓపిక పట్టే డైరెక్టర్ ఉంటే ఆయన్నే ముందు పీకేస్తారు. ఇక సిండీ టిమ్‌చల్ మేరీలాండ్‌లో 8 టైటిళ్లు కొట్టి, అన్నీ వదిలేసి నేవీ అకాడమీకి వెళ్లి సున్నా నుంచి జట్టు కట్టింది. అక్కడ పిల్లలు చదువయ్యాక సైన్యంలో చేరాలి. పోర్టల్ బెడద తగ్గించుకోవడానికి ఇంతకన్నా పక్కా మార్గం ఇంకెవరికీ తట్టలేదు.

మన సగటు కోచ్‌కు ఆ భాగ్యం లేదు. మూడు సీజన్లు సగం సగం గెలుపులతో నడుస్తాయి. నాలుగో ఏడు సెంటర్ మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు తెగుతుంది, డ్రాలు పోతాయి, మేలో జాతీయ టోర్నమెంటు పిలుపు రాదు. ఆ తర్వాతి మంగళవారం ప్రకటన. "పరస్పర అంగీకారంతో", "ఆమె సేవలకు కృతజ్ఞతలు", "దేశవ్యాప్త అన్వేషణ తక్షణం ప్రారంభం". దేశవ్యాప్త అన్వేషణ రెండు వారాలు సాగి, కారిడార్ చివరి గదిలో ఉన్న అసిస్టెంట్ దగ్గర ఆగుతుంది. కొత్త కోచ్ మొదటి ప్రకటనలో "ఇక్కడ కొత్త సంస్కృతి నిర్మిస్తాం" అంటుంది. పాత కోచ్‌కు ఉన్న బకాయిలు మూడు: వ్యాను తాళం అప్పగించాలి, సమ్మర్ క్యాంపు ఫీజులు తిరిగి ఇచ్చేది ఎవరో తేల్చుకోవాలి, సెప్టెంబరు 1 అర్ధరాత్రికి వెళ్లేలా పెట్టి ఉంచిన రెండు వందల మెయిళ్ల కింద సంతకం మార్చాలి. మూడోది ఎప్పుడూ మర్చిపోతారు.