స్కోరు హద్దు తగ్గించే ముందు సర్వర్‌కు తెలుగు మెయిళ్లు చూపించండి

చెత్త మెయిళ్లను (స్పామ్) వడకట్టే స్పామ్‌అసాసిన్ ప్రోగ్రామ్ ప్రతి మెయిల్‌కూ ఒక స్కోరు ఇస్తుంది; అది హద్దును చేరితే స్పామ్‌గా లెక్కిస్తుంది. ఆ హద్దును 5 నుంచి 3కు తగ్గిస్తే చెత్త మెయిళ్ల బెడద తీరుతుందని ఒక వ్యాసంలో రాశారు. దయచేసి ఎవరూ తొందరపడి అలా చేయకండి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు మెయిల్ సర్వర్‌ను నేను చూస్తాను. నిరుడు నేనూ హద్దును 3కు దించాను. లారీల వివరాలతో తెలుగులో వచ్చిన మెయిళ్లు రెండు రోజులు స్పామ్‌లో పడి ఉన్నాయి. గుమాస్తా పాపం ఒక్కొక్కరికీ ఫోన్ చేసి లోడు సంగతి కనుక్కోవలసి వచ్చింది.

అసలు మేలు బేయస్ శిక్షణలో, అంటే ఏవి స్పామో ఏవి మంచివో మెయిళ్లు చూపించి ప్రోగ్రామ్‌కు నేర్పడంలో ఉంది. మామూలు అమరికలో కనీసం 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు నేర్చుకున్నాకే అది లెక్కలోకి వస్తుంది. చాలామంది స్పామ్ మాత్రమే చూపించి వదిలేస్తారు. మనకు రోజూ వచ్చే తెలుగు మెయిళ్లు చూపించకపోతే అవి మంచివని దానికి ఎలా తెలుస్తుంది? నేను హద్దును మళ్లీ 5కు పెట్టి, పాత మంచి మెయిళ్లన్నీ ఈ శిక్షణకు వాడే సా-లెర్న్ (sa-learn) కమాండ్‌కు ఇచ్చాను. అప్పటి నుంచి ఒక్క లారీ మెయిల్ కూడా తప్పిపోలేదు.

గ్రేలిస్టింగ్ (కొత్తవారి మెయిల్‌ను మొదటిసారి వెనక్కి పంపి, మళ్లీ పంపినప్పుడే తీసుకోవడం) మంచిదే, కానీ ఓటీపీ మెయిళ్లు ఆలస్యమవుతాయి. అనుమానం వచ్చిన మెయిల్‌ను మాత్రం తుడిచేయకుండా జంక్ ఫోల్డర్‌లోకి పంపండి.