అన్‌క్యాప్డ్ కమీషన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అన్‌క్యాప్డ్ కమీషన్ గారి దివ్య సముఖమునకు,

డిగ్రీ పట్టా చేతికి రాగానే, కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే రిక్రూట్‌మెంట్ కన్సల్టెన్సీలో చేరిన ఒక కొత్త ఉద్యోగి నమస్కరించి రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. మీరు ఎక్కడున్నా క్షేమంగానే ఉంటారు. ఆ ఎక్కడో తెలిస్తే ఇంకా బాగుండేది.

మీ పేరు నేను మొదట చూసింది ఉద్యోగ ప్రకటనలో. జీతం ఎంతో చెప్పాల్సిన చోట మీరు, అంటే పై పరిమితి లేని కమీషన్ గారు, పెద్దక్షరాలతో కూర్చున్నారు. "ఏ డిగ్రీ అయినా సరే, అనుభవం అక్కర్లేదు, గెలవాలన్న కసి ఉంటే చాలు" అని కింద ఉంది. ఇంటర్వ్యూలో మేనేజర్ గారు నేను చదివిన సబ్జెక్టు జోలికే పోలేదు. "డబ్బు సంపాదించాలని ఉందా?" అన్నారు. ఉందన్నాను. "ఎంత?" అన్నారు. "ఎంతైనా" అన్నాను. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది.

అప్పటిదాకా ఒక్క ఉద్యోగమూ చేయని నేను, చేరిన కొద్దిరోజులకే ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లకు కెరీర్ సలహాలు ఇవ్వడం మొదలుపెట్టాను.

"సర్, కుబర్నెటీస్‌లో మీకు ఎన్నేళ్ల అనుభవం ఉందండీ?"

"అదంటే ఏంటో తెలుసా మీకు?"

"జాబ్ డిస్క్రిప్షన్‌లో ఉంది సర్."

ఆయన నవ్వి, ఓపిగ్గా పది నిమిషాలు పాఠం చెప్పారు. ఆ పాఠమే పెట్టుబడిగా, తర్వాతి కాల్‌లో ఇంకొకాయన్ని నేను గట్టిగా ఇంటర్వ్యూ చేశాను. మా వృత్తిలో దీన్ని మార్కెట్ నాలెడ్జ్ అంటారు.

వెతికే పద్ధతి మాత్రం శాస్త్రీయమే. తర్కానికి బీజగణితం కట్టి 1854లో పుస్తకం వేసిన గణితవేత్త జార్జ్ బూల్ పేరు మీద నడిచేది మా బూలియన్ సెర్చ్. పొద్దున్నే డేటాబేస్ ముందు కూర్చుని "జావా కావాలి, జావాస్క్రిప్ట్ వద్దు, లీడ్ గానీ ఆర్కిటెక్ట్ గానీ" అని అడుగుతాం. ఈ కావాలి, వద్దు, గానీలనే ఆపరేటర్లు అంటారు. అది వందల ప్రొఫైల్స్ కుమ్మరిస్తుంది. కొందరి నంబర్లు మారిపోయి ఉంటాయి, కొందరు నిన్ననే మా పక్క సీటు నుంచి ఇదే ఫోన్ అందుకుని ఉంటారు. వీళ్లలో ఉద్యోగం మారాలని నిజంగా ఎవరికి ఉందో పట్టే ఆపరేటర్ కనిపెట్టకుండానే బూల్ గారు వెళ్లిపోయారు.

గోడ మీద ఒక బోర్డు ఉంది. పేరు, కాల్స్, పంపిన సీవీలు, ఇంటర్వ్యూలు, క్లోజర్లు (అంటే మా మనిషితో నిండిన ఖాళీలు). దాని పక్కనే ఇత్తడి గంట. క్లోజర్ అయినవాళ్లు అది మోగించాలి, మిగతావాళ్లు లేచి చప్పట్లు కొట్టాలి. చాలాసేపు మోగకపోతే మేనేజర్ గారు ముందు గంట వంక, తర్వాత మా వంక చూస్తారు. క్లోజర్ మా చేతిలో లేదని ఆయనకీ తెలుసు. అందుకే చేతిలో ఉన్నవాటిని, అంటే ఫోన్ నొక్కే వేళ్లని లెక్కపెడతారు. ఎత్తరని తెలిసిన నంబర్లకే లంచ్ ముందు వరసపెట్టి కొట్టి కాల్స్ కాలమ్ నింపేసే సీనియర్లు ఉన్నారు. ట్రైనింగ్‌లో చెప్పినవాటికన్నా ఆ విద్యే తొందరగా పట్టుబడింది.

ఇక మీ అడ్రస్ సంగతి. కనుక్కుందామని ఇన్సెంటివ్ పాలసీ తెరిచాను. అభ్యర్థి మొదటి ఏడాది జీతంలో 20 శాతం మా ఫీజు అనుకుందాం. జీతం 100 అయితే కంపెనీకి 20 వస్తుంది. అందులో పదో వంతు నాదనుకుంటే 2. అయితే ముందు థ్రెషోల్డ్ దాటాలి. నా జీతం, నేను కూర్చున్న కుర్చీ, ఆ ఇత్తడి గంట, వీటన్నిటి ఖర్చూ రాబట్టేదాకా మీరు గడప తొక్కరు. పైగా మాది కంటింజెన్సీ ఫీజు, మనిషి చేరితేనే డబ్బు. అదే ఖాళీ కోసం మరికొన్ని ఏజెన్సీలు, క్లయింట్ సొంత హెచ్‌ఆర్, అక్కడ పనిచేసే ఎవరిదో బావమరిది, అందరూ పరిగెత్తుతుంటారు. ఎవరి మనిషి చేరితే వాళ్లకే మొత్తం ఫీజు, మిగతావాళ్లకు థ్యాంక్యూ మెయిల్. ఫీజులో కొంత ముందే పుచ్చుకుని తీరుబడిగా వెతికే రిటైన్డ్ సెర్చ్ పెద్దమనుషులూ ఉన్నారు గానీ, ఆ ఫ్లోర్‌లో నా ఐడీ కార్డు పనిచేయదు.

సరే, మనిషి చేరాడు, ఇన్‌వాయిస్ వెళ్లింది. 30 రోజుల్లో కట్టాల్సిన క్లయింట్‌కి 60 రోజులకి గుర్తొస్తుంది. ఈలోపు రీప్లేస్‌మెంట్ పీరియడ్ ఒకటి నడుస్తూ ఉంటుంది, మా ఒప్పందాల్లో ఎక్కువగా 90 రోజులు. ఆలోపు ఆయన మానేస్తే ఇంకొకర్ని ఉచితంగా వెతికిపెట్టాలి, లేదా ఫీజు వెనక్కివ్వాలి. అంటే ఆయనకి కొత్త బాస్ నచ్చడం మీద నా వాటా ఆధారపడింది. అందుకే వారం వారం "ఎలా ఉంది సర్ కొత్త ఆఫీసు? టీమ్ బాగుందా? కుదురుకున్నారా?" అని సొంత తమ్ముడికన్నా ఎక్కువ ఆప్యాయంగా అడుగుతాను. 91వ రోజున ఆయనెవరో నాకు గుర్తుండదు.

అభ్యర్థి మాత్రం నన్ను తన మనిషే అనుకుంటాడు. ఆయన దగ్గర మేం పైసా తీసుకోం. పనివాళ్ల దగ్గర ఫీజు వసూలు చేయకూడదని, కొద్ది మినహాయింపులతో, 1997 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 181వ కన్వెన్షన్ కూడా చెబుతుంది. బిల్లు కట్టేది కంపెనీ. అయినా "జీతం పెరిగితే మా ఫీజూ పెరుగుతుంది కాబట్టి మీ తరఫున గట్టిగా బేరమాడతాం" అని అభ్యర్థికి మేం చెప్పుకుంటాం. లెక్క వేసి చూడండి. 100 ఇస్తామన్నవాళ్లని 110కి లాగితే ఆయనకి ఏడాదికి 10 ఎక్కువ వస్తుంది. నాకు 2 బదులు 2.2. ఆ 0.2 కోసం బేరం చెడితే ఉన్న 2 కూడా పోతుంది. అందుకే ఆయన నోరు తెరవకముందే "ఇప్పుడున్న మార్కెట్‌లో ఇది చాలా మంచి ఆఫరండీ" అనే మాట నా నోట్లోంచి జారిపోతోంది. ఇది నాకు ఏ ట్రైనరూ నేర్పలేదు. గురుస్థానం మీదే.

శ్రమ సరుకు కాదని 1944లో ఫిలడెల్ఫియా ప్రకటనలో ఐఎల్‌ఓ తేల్చి చెప్పింది. నిజమే, సరుకైతే పంపిన చోటికి వెళ్లేది. మా అభ్యర్థి మూడు రౌండ్లు పాసవుతాడు, ఆఫర్‌కి ఓకే అంటాడు, రాజీనామా ఇచ్చానంటాడు. నోటీస్ పీరియడ్ అంతా నేను గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు పెడుతూనే ఉంటాను. సోమవారం జాయినింగ్ అనగా ఆదివారం రాత్రి "ఫ్యామిలీ ఇష్యూస్ అండీ, సారీ" అని ఒక మెసేజ్ వస్తుంది. ఫోన్ చేస్తే స్విచాఫ్. నేను తెచ్చిన ఆఫర్ లెటర్ చూపించి పాత ఆఫీసులోనే జీతం పెంచుకున్నాడని తర్వాత తెలుస్తుంది. ఆయన్ని తిట్టబుద్ధి కాదు. మొత్తం వ్యవహారంలో 110 కోసం గట్టిగా బేరమాడింది ఆయనొక్కడే.

ఇవన్నీ తెలిసే ప్రతి సోమవారం మీటింగ్‌లో ఫోర్‌కాస్ట్, అంటే రాబోయే క్లోజర్ల అంచనా, చెప్పిస్తారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు కదా, మా ఎక్సెల్‌లో సోమలింగానికి ఒక వరస, ఎదురుగా 60 శాతం ప్రాబబిలిటీ, జాయినింగ్ డేట్ కూడా ఉంటాయి. నెలాఖరుకి సోమలింగం వచ్చే నెలకి జరుగుతాడు.

నా కోరికలు పెద్దవి కావు. మీకు పై పరిమితి లేదని అందరూ మెచ్చుకుంటున్నారు, సంతోషం. కింద ఒక పరిమితి పెట్టించుకునే వీలుందేమో చూడండి. థ్రెషోల్డ్‌కి అవతలే కాకుండా ఇవతల కూడా అప్పుడప్పుడు కనబడండి. ఇక ఉంటాను, ఇవాళ ఒకాయనకి 89వ రోజు. మరీ ఉత్సాహంగా అడిగితే అనుమానం వస్తుంది, మామూలుగా పలకరించాలి.

ఇట్లు,
తమ రాకకై ఎదురుచూసే,
సీనియర్ కన్సల్టెంట్
(నిన్ననే ప్రమోషన్ ఇచ్చారు. జీతం అదే. మిగతాది మీరు చూసుకుంటారన్నారు.)