పోర్ట్‌ఫోలియోను వృత్తి నిపుణులకు చూపించాలా? ఒక వాదోపవాదం

కళాశాలలో ప్రవేశానికో, ఉద్యోగానికో, పుస్తకాల పనికో దరఖాస్తు చేసే చిత్రకారుడు సాధారణంగా 10 నుంచి 20 బొమ్మలతో ఒక పోర్ట్‌ఫోలియో పంపుతాడు. పంపే ముందు దాన్ని ఆ రంగంలో పనిచేస్తున్నవారికి, అవసరమైతే డబ్బు చెల్లించైనా, చూపించి అభిప్రాయం తీసుకోవాలా అన్నది ఇక్కడి ప్రశ్న. వాదిస్తున్నవారిలో ఒకరు పుస్తకాలకు బొమ్మలు వేసే చిత్రకారుడు, ఇంకొకరు ప్రచురణ సంస్థలో చిత్రకారులను ఎంపిక చేసే ఆర్ట్ డైరెక్టర్. నా మొగ్గు, చూపించాలనే ఆర్ట్ డైరెక్టర్ పక్షం వైపేనని ముందే చెబుతున్నాను. అయితే చిత్రకారుడి భయాలకు ఆధారం ఉందని, సమీక్ష చేసేవారు వాటికి జవాబు చెప్పి తీరాలని కూడా నమ్ముతున్నాను.

చిత్రకారుడు: విమర్శ వినడానికి నాకు అభ్యంతరం లేదండీ. అభ్యంతరమల్లా దానికి కేటాయించే సమయం మీద, చెప్పేవారికి ఉండే అధికారం మీద. ఛాయాగ్రాహకుల పోర్ట్‌ఫోలియో సమీక్షలకు పేరుపడిన ఫోటోఫెస్ట్ అనే ఉత్సవం మొదటిసారి 1986లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగింది. అక్కడ కూడా ఒక్కో సమావేశానికి దొరికేది 20 నిమిషాలే. ఏళ్ల తరబడి చేసిన పనిని అంత కొద్దిసేపట్లో తిరగేసి ‘ఇది తీసేయండి, ఇలాంటివి ఇంకో నాలుగు చేర్చండి’ అంటే, ఆ మాట నా బొమ్మను చూసి పుట్టిందా, లేక ఆ మనిషికి ఎప్పటినుంచో ఉన్న అభిరుచి నుంచి పుట్టిందా అని తేల్చుకునే వీలు నాకు ఉండదు. ఎదురుగా కూర్చున్నది పని ఇవ్వగలిగినవారు కాబట్టి ఆ మాటను పక్కన పెట్టే ధైర్యమూ ఉండదు.

ఆర్ట్ డైరెక్టర్: 20 నిమిషాలు తక్కువని మీరంటున్నారు గాని, మామూలుగా ఒక పోర్ట్‌ఫోలియోకు దక్కే సమయంతో పోలిస్తే అది చాలా ఎక్కువ. ఒక పుస్తకానికి చిత్రకారుణ్ణి వెతుకుతున్నప్పుడు మొదటి రెండు మూడు బొమ్మల దగ్గరే ముందుకు సాగాలో ఆపెయ్యాలో తేలిపోతుంది. అది న్యాయమని నేననడం లేదు. కాని మీ పోర్ట్‌ఫోలియో ఎదుర్కోబోయే చూపు అలాంటిదే. సమీక్షకు కూర్చున్నవారు అదే చూపుతో చూసి, తిరస్కరించినప్పుడు మీకెవరూ చెప్పని కారణాన్ని నోరు విప్పి చెబుతారు. పైగా అక్కడ తూకం వేసేది మీ చిత్రకళ మొత్తాన్ని కాదు. ఏ బొమ్మ ముందుంది, ఏది చివర ఉంది, ఏది చెప్పిందే మళ్లీ చెబుతోంది, ఈ వరస చూసినవారు మిమ్మల్ని ఏ పనికి పిలుస్తారు అన్నవే ఆ ప్రశ్నలు. వాటికి ఆ సమయం సరిపోతుంది.

చిత్రకారుడు: ఆ ప్రశ్నలు నాకు నేనే వేసుకోగలను కదా. బొమ్మలన్నిటినీ బాగా కుదించి ఒకేచోట పరిచి చూస్తాను. రంగు తీసేసి, వెలుగునీడలు సరిగా విడిపోయాయో లేదో నలుపు తెలుపుల్లో చూసుకుంటాను. కుడి ఎడమలు తారుమారు చేసి చూస్తాను. కొన్ని వారాలు కంటికి దూరంగా ఉంచి మళ్లీ తీస్తే కొన్ని లోపాలు వాటంతటవే బయటపడతాయి. ఇవన్నీ చేసినవాడికి ఇంకొకరి కళ్లతో ఏం పని?

ఆర్ట్ డైరెక్టర్: అవన్నీ చేయవలసినవే. చేయకుండా సమీక్షకు రావడం ఇద్దరి సమయాన్నీ పాడుచేసుకోవడమే. అయితే ఆ పద్ధతులు బొమ్మలో ఉన్న లోపాన్ని పట్టిస్తాయి గాని, బొమ్మల్లోకి అసలు రానిదాన్ని పట్టించవు. నేను చూసిన ఒక పోర్ట్‌ఫోలియో సంగతి చెబుతాను. అందులో 18 బొమ్మలు, దాదాపు అన్నిట్లోనూ మనుషులు, రంగుల పొందిక ఎంతో ముచ్చటగా ఉంది. సగం దాకా వెళ్లాక ఏదో వెలితిగా తోచి మళ్లీ మొదటికి వచ్చాను. మొదటి బొమ్మలో పిల్లవాడి చేతులు జేబుల్లో ఉన్నాయి. రెండోదాంట్లో అమ్మాయి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఒక ముసలాయన చేతులు దుప్పటి కింద, ఇంకొకరివి ఏపుగా పెరిగిన గడ్డిలో. చివరిదాకా వెతికినా ఒక్క అరచెయ్యి పూర్తిగా కనబడలేదు. ముఖాలన్నీ ఎడమ వైపుకే తిరిగి ఉన్నాయి. విడిగా చూస్తే ఏ బొమ్మలోనూ తప్పు లేదు, ప్రతి భంగిమకూ కథలో ఒక కారణం ఉంది. ఆ మాట చెప్పినప్పుడు గీసినాయన నిర్ఘాంతపోయారు, ఎందుకంటే కష్టమైన చోటును తప్పించుకోవడం చేతికి ఒకసారి అలవాటైందంటే అది ఆ మనిషి కంటికి ఆనదు. పిల్లల పుస్తకంలో పాత్రలు పట్టుకోవాలి, విసరాలి, వేలెత్తి చూపాలి. చేతులు చూపించని పోర్ట్‌ఫోలియోను నమ్మి అలాంటి పుస్తకం ఇవ్వడానికి ఎవరైనా వెనకాడతారు.

చిత్రకారుడు: ఈ ఉదాహరణను కాదనను. చేతులు రాకపోవడం నైపుణ్యంలో లోటు, దాన్ని ఎవరు చూపించినా మేలే. నా పేచీ నైపుణ్యం దాటాక మొదలవుతుంది. పల్చటి గీతతో, నేపథ్యం దాదాపు లేకుండా బొమ్మలు వేసే ఒక చిత్రకారుడికి వీడియో గేముల రంగంలోని సమీక్షకుడు ‘పర్‌స్పెక్టివ్‌తో, అంటే దూరం దగ్గరల తేడా తెలిసేలా, పరిసరాలు గీయండి, కాంతిని ఇంకా నాటకీయంగా చూపించండి’ అని చెప్పారు. ఆ రంగానికి అది సరైన సలహాయే. ఇతను నెలల తరబడి కష్టపడి భవనాలూ వీధులూ గీసి చేర్చాడు. ఇప్పుడు ఆ పోర్ట్‌ఫోలియో ఇద్దరు మనుషుల పనిలా కనబడుతోంది, ఆ ఇద్దరిలో ఒకరికి ఆ పని ఇష్టం లేదని కూడా తెలిసిపోతోంది. నిపుణులు తమకు అలవాటైనదాన్నే మంచి అనుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంది. 1863లో పారిస్ సలోన్ అనే అధికారిక చిత్రకళా ప్రదర్శన న్యాయనిర్ణేతలు ఎదువార్ మానే చిత్రాన్ని, ఈనాడు ‘గడ్డి మీద భోజనం’గా ప్రసిద్ధమైనదాన్ని, తోసిపుచ్చారు. అది తిరస్కృతుల కోసం విడిగా పెట్టిన ప్రదర్శనలో జనం ముందుకు వచ్చింది. వాళ్లూ వృత్తి నిపుణులే కదండీ!

ఆర్ట్ డైరెక్టర్: వాళ్లు చేసింది ఎంపిక, సమీక్ష కాదు. ఎంపికలో అవునో కాదో చెప్పి పంపేస్తారు, మీరు ఎదురు ప్రశ్న వేయడానికి వీల్లేదు. సమీక్షలో ‘ఎందుకలా అంటున్నారు’ అని మీరు అడగవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, విని ఊరుకోవచ్చు. ఇక మీరు చెప్పిన చిత్రకారుడి విషయంలో సలహా కన్నా ముందే పొరపాటు జరిగిపోయింది. ఎదుటివారు ఏ పనికి మనుషులను తీసుకుంటారో అతను అడగలేదు, తను ఏ పని కోరుతున్నాడో చెప్పలేదు. ‘నా పోర్ట్‌ఫోలియో ఎలా ఉంది’ అని ఊరికే అడిగితే ప్రతివారూ తమ రంగానికి తగ్గ జవాబే ఇస్తారు. ‘ఆరేళ్ల పిల్లల కథల పుస్తకాలకు పనిచేయాలనుకుంటున్నాను, ఈ 15 బొమ్మల్లో ఏవి అడ్డు తగులుతున్నాయి’ అని అడిగి ఉంటే ఆ గేముల సమీక్షకుడే ‘ఇది నా పరిధి కాదు’ అని ఉండేవారేమో.

చిత్రకారుడు: అడిగే తీరు మారినంత మాత్రాన చెప్పే తీరు మారదు. 1885లో వాన్ గో ‘బంగాళదుంపలు తినేవాళ్లు’ చిత్రం తాలూకు లిథోగ్రాఫ్‌ను, అంటే రాతి అచ్చును, తన స్నేహితుడు, సాటి చిత్రకారుడు ఆంటన్ వాన్ రాపార్డ్‌కు పంపాడు. రాపార్డ్ శిక్షణ పొందిన కళాకారుడు, వాన్ గో మేలు కోరినవాడు. అయినా ఎంత కటువుగా జవాబు రాశాడంటే, వాన్ గో ఆ ఉత్తరాన్ని అతనికే తిప్పి పంపేశాడు. వాళ్ల స్నేహం ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. ఆ రోజు వాన్ గో ఆ మాటలకు తలవంచి ఆ చిత్రాన్ని సరిదిద్దడానికి పూనుకుని ఉంటే మనకు మిగిలేదేమిటో ఆలోచించండి.

ఆర్ట్ డైరెక్టర్: ఆలోచించాను, ఆ ఉదంతంలో నాకు రెండు విషయాలు కనబడ్డాయి. రాపార్డ్ చూసింది తైలవర్ణ చిత్రాన్ని కాదు, జ్ఞాపకం మీద రాతిపై గీసి అచ్చు తీసిన లిథోగ్రాఫ్‌ను. చూపించిన రూపం బలహీనంగా ఉంటే తీర్పు దాని మీదే పడుతుంది. వంకరగా తీసిన ఫోటోతో, గాజు మీద మెరుపుతో వచ్చే పోర్ట్‌ఫోలియోలకు ఈనాడూ అదే జరుగుతోంది. రెండోది ఇంకా ముఖ్యం. ఆ ఉత్తరంలో స్వరం క్షమించరానిదే అయినా, వేలు పెట్టి చూపిన చోట్లు చాలావరకు మనుషుల శరీర నిర్మాణానికి సంబంధించినవి, వాటిలో ఒక చెయ్యి కూడా ఉంది. వాన్ గో ఆ చిత్రాన్ని వెనకేసుకొచ్చాడు, అది న్యాయమే. కాని ఆ వేసవిలో అతను ఏం చేశాడు? పొలం పనుల్లో వంగిన మనుషులను, తవ్వేవాళ్లను, పరిగె ఏరుకునేవాళ్లను పెద్ద కాగితాల మీద వరసగా గీస్తూ పోయాడు. ఉత్తరాన్ని తిప్పి పంపాడు గాని, అందులోని విషయాన్ని పూర్తిగా వదిలేశాడని ఆ బొమ్మలను చూసినవారెవరూ అనలేరు.

(ఒకే ఉదంతాన్ని ఇద్దరూ తమ తమ పక్షానికి వాడుకున్నారు. నాకు ఇందులో కనబడేది ఇంకొకటి: రాపార్డ్ అవే విషయాలు మర్యాదగా రాసి ఉంటే వాన్ గో ఒక స్నేహితుణ్ణి పోగొట్టుకునేవాడు కాదు. ఆ నష్టాన్ని చిన్నదిగా తీసేయడం నాకు ఇష్టం లేదు.)

చిత్రకారుడు: అలాగైతే స్వరం గురించే తేల్చుకుందాం. అమెరికన్ నృత్యకర్త లిజ్ లెర్మన్ 1990లో విమర్శకు ఒక పద్ధతి రూపొందించారు. అందులో నాలుగు దశలున్నాయి. చూసినవారు ముందుగా తమకు అర్థవంతంగా అనిపించినదేదో చెప్పాలి. తర్వాత కళాకారుడు తన ప్రశ్నలు అడుగుతాడు. ఆ పైన చూసినవారు, తమ అభిప్రాయాన్ని లోపల ఇమడ్చని తటస్థమైన ప్రశ్నలు వేస్తారు. సొంత అభిప్రాయం చిట్టచివర, అదీ కళాకారుడి అనుమతితోనే. ‘వెనక భాగాన్ని ఎందుకలా ఖాళీగా వదిలేశారు’ అంటే అది నింద. ‘వెనక భాగంతో మీరేం చేయదలచుకున్నారు’ అంటే నేను ఆలోచించుకుని జవాబు చెప్పగల ప్రశ్న. మీ రంగంలో ఎంతమంది ఈ మాత్రం ఓపిక పడతారు?

ఆర్ట్ డైరెక్టర్: చాలామంది పడరు, అది మా వైపు లోపమే. మొదటి దశ మాత్రం ఎవరూ వదలకూడదని నేనూ అంటాను. బొమ్మలో నాకు ఏం కనబడిందో ముందుగా చెబితే, మీరు చూపించాలనుకున్నదానికీ నాకు అందినదానికీ మధ్య దూరం అక్కడికక్కడే తెలిసిపోతుంది. చాలాసార్లు సమీక్షలో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. అలాగే, సమస్య ఎక్కడుందో చెప్పడంలో బయటివారి మాటకు విలువ ఎక్కువ, దాన్ని ఎలా సరిచేయాలో చెప్పడంలో తక్కువ. ముగ్గురు విడివిడిగా ఒకే బొమ్మ దగ్గర తడబడితే ఆ బొమ్మను తప్పకుండా మళ్లీ చూసుకోండి. ఆ ముగ్గురూ చెప్పిన మందులు మాత్రం పక్కన పెట్టవచ్చు.

చిత్రకారుడు: డబ్బు మాటేమిటి? పని ఇచ్చే అధికారం ఉన్నవారే, ఆ పని కోసం వచ్చినవారి దగ్గర సమీక్ష పేరుతో రుసుము తీసుకుంటే అది సలహా అవుతుందా?

ఆర్ట్ డైరెక్టర్: కాదు. దాన్ని నేను సమర్థించను. నా దగ్గర ఏదైనా పుస్తకానికి దరఖాస్తు పెట్టినవారి నుంచి నేను రుసుము తీసుకోకూడదు, నాకు చెల్లిస్తే అవకాశం దొరుకుతుందనే ఆశ కూడా కల్పించకూడదు. సమయానికి వెల కట్టడంలో తప్పు లేదు గాని, ఆ రెండు సంబంధాలూ ఒకే మనిషితో ఉండకూడదు.

చిత్రకారుడు: ఈ షరతులన్నీ ఉంటే నేను ఒప్పుకుంటాను: నేను ఎంచుకున్న మనిషి, నేను వేసిన ప్రశ్న, ముందుగా మీరు చూసింది చెప్పడం, చివరి నిర్ణయం నాది. ఆ చివరిదాని గురించే ఒకటి అడుగుతాను. నా 15 బొమ్మల్లో 14 రంగుల్లో ఉన్నాయి. ఒకటి మాత్రం బొగ్గుతో గీసిన రాత్రి దృశ్యం, మిగతావాటితో దేనికీ పొంతన లేదు. చూసిన ప్రతివారూ దాన్ని తీసేయమంటారు. నాకు మాత్రం నేను వెళ్లదలచుకున్న దారి అదే అనిపిస్తుంది.

ఆర్ట్ డైరెక్టర్: ఒంటరిగా ఉంటే దాన్ని చూసేవారు పొరపాటున చేరిన బొమ్మ అనుకుంటారు, మిగతా 14 మీద కూడా అనుమానం పెంచుకుంటారు. ఆ కోవలోనివి ఇంకో రెండు ఉంటే అది మీ రెండో గొంతు అవుతుంది. ఉన్నాయా?

చిత్రకారుడు: ఇంకా గీయలేదు.

ఆర్ట్ డైరెక్టర్: అయితే దాన్ని ప్రస్తుతానికి తీసి పక్కన పెట్టండి, మిగతా రెండూ గీశాక మూడూ కలిపి తీసుకురండి.

చిత్రకారుడు: గీస్తాను. కాని ఆలోగా పంపవలసి వస్తే అది అందులోనే ఉంటుంది, చివరి బొమ్మగా ఉంటుంది. ఈ విషయంలో మీ మాట వినను.