బండి ఎత్తుకీ గోదారి ఎత్తుకీ పోటీ పెట్టకండి

మా బావగారు పంపారు. ఆయనకి ఎవరో పంపారు. ఈ నెలలో ఆ మెసేజ్ నా ఫోన్లోకి రావడం ఇది నాలుగోసారి: "గోదావరి జిల్లాల వాళ్ళు ఫ్యామిలీ ఎస్‌యూవీ కొనే ముందు తప్పక చదవండి." అందులో ఉన్నది ఇంతే. గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, 200 మిల్లీమీటర్లు దాటితే బండి వరద నీళ్ళలో కూడా వెళ్ళిపోతుందట. ఫోర్ బై ఫోర్ (ఇంజను నాలుగు చక్రాలనీ తిప్పే ఏర్పాటు) లేనిది ఎస్‌యూవీయే కాదట. కుటుంబం అన్నాక ఏడు సీట్లు ఉండాల్సిందేనట. బండి ఎంత పెద్దదైతే అంత భద్రమట, బండిని గుద్దించి చూసి ఇచ్చే స్టార్ రేటింగులన్నీ కంపెనీల గిమ్మిక్కట. కొంటే డీజిలే కొనాలట. పదిమందికి పంపమని చివర్లో పురమాయింపు.

నేను పంపలేదు. ఎందుకంటే పన్నెండు లక్షల లోపు బండి కోసం మేం మూడు నెలలు షోరూముల చుట్టూ తిరిగి ఉన్నాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ. ఆదివారం వస్తే ఇంట్లో కూర్చునే రకం కాదు మేం. సైకిళ్ళు, బ్యాట్లు వేసుకుని ఓడలరేవు బీచికి, వీలైతే నెలకోసారి మారేడుమిల్లికి.

ముందు ఆ 200 సంగతి చూద్దాం. మిగతావి డబ్బుతో పోతాయి, ఇది ప్రాణం మీదికి వస్తుంది. 200 మిల్లీమీటర్లంటే జానెడు కూడా కాదు. కంపెనీ చెప్పే ఆ అంకె సాధారణంగా ఖాళీ బండిది. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండాక బండి ఇంకా కిందికి దిగుతుంది. బ్రెజ్జా 198, నెక్సాన్ 208 అంటూ జనం వాదించుకునే తేడా ఒక్క సెంటీమీటరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంకల దారుల మీద నిలిచింది జానెడు నీళ్ళా? కనకాయలంక కాజ్‌వేకి అంత వరద కూడా అక్కర్లేదు. ఓ మోస్తరు ఎర్రనీళ్ళు వస్తే చాలు మునుగుతుంది, జనం పడవ ఎక్కుతారు. మెసేజ్ రాసినాయన ఆ పడవ ఎప్పుడూ ఎక్కి ఉండడు.

నాకు లెక్కల పిచ్చి కాస్త ఉంది, ఓర్చుకోండి. బండి అడుగుభాగం సుమారు 6 చదరపు మీటర్లు అనుకుందాం. అడుగు తాకాక నీళ్ళు మరో పది సెంటీమీటర్లు పెరిగితే, బండిని పైకి లేపే బలం 600 కిలోలు. ఇరవై పెరిగితే 1200 కిలోలు. మన బడ్జెట్‌లో దొరికే చాలా బండ్ల బరువు ఇంచుమించు అంతే! లోపలికి నీళ్ళు ఊరడానికి కాస్త సమయం పడుతుంది కదా, ఆలోపు టైర్లు రోడ్డు మీద ఆనీ ఆనకుండా ఉంటాయి. నిలవ నీళ్ళలో అయితే బండి ఊగుతుంది. పారే నీళ్ళలో అయితే పక్కకి పోతుంది. కాజ్‌వే అంచు ఎక్కడో ఆ నీళ్ళలో కనిపించదు.

ఇక ఇంజను. చాలా బండ్లలో అది గాలి పీల్చే గొట్టం హెడ్‌లైటు ఎత్తు దగ్గర ఉంటుంది. బండి కదులుతుంటే ముందు లేచే అల అక్కడికి సులువుగా అందుతుంది. సిలిండర్లోకి వెళ్ళిన నీరు గాలిలా నలగదు, పిస్టన్‌ని పైకి రానివ్వదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇది నాకు పుస్తకం చెప్పింది కాదు. మా పాత హ్యాచ్‌బ్యాక్ ఓ తుపాను రాత్రి మా వీధిలోనే నీళ్ళలో ఆగిపోయింది. ఆగితే ఆగింది, దిగి నెట్టుకోవాల్సింది. నేను తాళం తిప్పాను. రెండోసారీ తిప్పాను. లోపల 'టక్' మని ఓ చప్పుడు, అంతే. ఆగిన ఇంజన్ని మళ్ళీ స్టార్ట్ చెయ్యడం వల్ల జరిగిన నష్టం పాలసీ కిందికి రాదని ఇన్సూరెన్స్ వాళ్ళు ఉత్తరం పంపారు. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్-ఆన్, అంటే పాలసీకి అదనంగా కొనుక్కునేది, ఒకటి ఉంటుందని అప్పుడే తెలిసింది. ఇప్పుడు డెల్టాలో ఎవరు కారు కొంటున్నా సన్‌రూఫ్ మానేసైనా అది తీసుకోమంటాను.

క్లియరెన్స్ అసలు పనికిరాదనడం లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదారి దాటించే పడవ) ఎక్కి నర్సాపురం దాటేవాళ్ళకి తెలుసు. గట్టు ఏటవాలుగా దిగి, పంటు ఇనప పలక దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది. మా పాత బండి ముందు బంపరు పెదవి అక్కడ ప్రతిసారీ గీసుకునేది. అయితే అక్కడ చూడాల్సింది బండి నడుమ ఎత్తు ఒక్కటే కాదు, ముందు బంపరు ఎంత వాలుగా పైకి కోసి ఉందో కూడా చూడాలి. వంగి చూస్తే చాలు, బ్రోచర్ అక్కర్లేదు.

ఫోర్ బై ఫోర్ మాటకి ఎక్కువ చెప్పను. నెక్సాన్, బ్రెజ్జా, వెన్యూ, సోనెట్ అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. నాలుగు మీటర్ల లోపు పొడవులో ఫోర్ బై ఫోర్ కావాలంటే మూడు తలుపుల థార్, జిమ్నీ. రెండూ నలుగురికే. మేం ఐదుగురం, అమ్మని పంటు రేవులో వదిలేసి వెళ్ళలేం. పైగా థార్ వెనక సీట్లోకి ఎక్కమంటే అమ్మ ఆ బండినీ నన్నూ మార్చిమార్చి చూసింది. మారేడుమిల్లి ఘాట్ తారు రోడ్డే. మన నల్లరేగడి బురదలో మామూలు టైరు మీది గాడులు మట్టితో పూడుకుపోయాక నాలుగు చక్రాలూ కలిసి తిరుగుతాయి, అంతే తేడా. ఆ తర్వాత వచ్చేది ఎవరో ఒకరి ట్రాక్టరే.

ఏడు సీట్ల ఆశ మాక్కూడా ఉండేది, సంక్రాంతికి అక్కా వాళ్ళు దిగుతారు కదా అని. ఏడు సీట్ల ట్రైబర్‌లో మూడో వరస నిలబెడితే వెనక మిగిలే చోటు 84 లీటర్లు. రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు పెడితే సరి. ఏడుగురు ఎక్కుతారు, సామాన్లు ఎక్కవు. మూడో వరస తీసేస్తే 625 లీటర్లు వస్తాయి. అది బ్రహ్మాండం, కానీ అప్పుడది ఐదు సీట్ల బండే కదా. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం కలిసి వెళ్ళేది ఏడాదికి ఒక్కసారి. ఆ ఒక్క రోజుకి బండి మాట్లాడుకుంటే పోయేదానికి ఏడాది పొడుగునా ఇరుక్కోవడం ఎందుకు?

మేం చేసిన తెలివైన పని ఒక్కటే ఉంది. పెద్దాడి సైకిల్ ఆటోలో వేసుకుని షోరూమ్‌కి వెళ్ళాం. సేల్స్ కుర్రాడు "ఎక్స్‌చేంజికాండీ?" అన్నాడు. ముందు చక్రం విప్పి, వెనక సీటు ఒక పక్క మడిచి, చైను నూనె సీటుకి అంటకుండా పాత దుప్పటి చుట్టి ఎక్కించాం. బ్రోచర్లో ఎక్కువ లీటర్లున్న బండిలో హ్యాండిల్ అడ్డం తగిలింది, తక్కువున్న దాంట్లో పట్టింది. డిక్కీ వాకిలి వెడల్పు లీటర్లలో కనిపించదు. సీఎన్‌జీ ఆలోచన ఉన్నవాళ్ళు ఇది మరీ చూసుకోవాలి, గ్యాస్ సిలిండరు కూర్చునేది డిక్కీలోనే. పంచ్ పెట్రోలుకి 366 లీటర్ల డిక్కీ ఉంటే సీఎన్‌జీకి 210.

'పెద్ద బండి భద్రం' అన్నది వింటే నాకు కాలువ గట్లు గుర్తొస్తాయి. ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తుంటే ఎడమ చక్రం ఎక్కడుందో తెలియాలి. గట్టు మీద రెండంగుళాల వెడల్పు కూడా లెక్కే. ఎత్తుగా, పెట్టెలా గట్టిగా కనిపించే బొలెరో నియోకి 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే కార్ల భద్రత పరీక్షించే సంస్థ ఇచ్చింది ఒక్క స్టారు. దానికంటే పొట్టిదైన పంచ్‌కి 2021లో అదే సంస్థ పెద్దల రక్షణలో ఐదు ఇచ్చింది. 2023 అక్టోబరు నుంచి మనకి అలాంటి పరీక్షే భారత్ ఎన్‌క్యాప్ కూడా ఉంది. గిమ్మిక్కు అయితే బండిని గోడకేసి కొట్టడం దేనికి? పెద్ద బండికి మరో ఖరీదూ ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ దాటని కార్లకి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటిన పెట్రోలు, డీజిల్ బండ్లకి 40.

మిగిలింది డీజిల్. లెక్కకి పెట్రోలు లీటరు 110, డీజిల్ 97 అనుకోండి. మైలేజీ పెట్రోలుకి 15, డీజిల్‌కి 20. డీజిల్ బండి ధర లక్షా ఇరవై వేలు ఎక్కువ. కిలోమీటరుకి మిగిలేది రెండున్నర రూపాయల లోపు. ఆ తేడా తిరిగి రావాలంటే సుమారు 48 వేల కిలోమీటర్లు తిరగాలి. మేం ఏడాదికి తిరిగేది ఎనిమిది వేలు, అంటే ఆరేళ్ళు. పైగా 2020 నుంచి బీఎస్-6 అనే కాలుష్య నిబంధనల ప్రకారం వస్తున్న డీజిళ్ళలో పొగలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. స్కూలుకీ బజారుకీ అంటూ రెండేసి కిలోమీటర్లు తిప్పితే అది వేడెక్కక, మసి కాలక మూసుకుపోతుంది. అందుకే మేం పెట్రోలు తీసుకున్నాం.

బావగారి సంగతి వేరు. ఆయన రోజూ అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్ళి వస్తారు, రానూపోనూ 130 కిలోమీటర్లు. ఆ తేడా ఆయనకి ఏడాదిన్నర తిరక్కుండా వచ్చేస్తుంది. ఫిల్టరు కూడా రావులపాలెం దాటేలోపే వేడెక్కుతుంది. డీజిలే తీసుకోండి బావగారూ. ఇంజన్ ప్రొటెక్షన్ మాత్రం మర్చిపోకండి, మీ వీధిలోనూ నీళ్ళు నిలుస్తాయి.