బాడిసకు నిగనిగలు ఎందుకు?

నాలుగు వేల రూపాయలు ఇచ్చి మరీ మా తాత బాడిసను (వడ్రంగులు కర్ర చెక్కే పనిముట్టు) పాడు చేయించుకున్నాను. పాత వస్తువులకు మెరుగు పెట్టి, పీటలకు బిగించి ఇచ్చే ఒక దుకాణంలో ఇచ్చాను. పేరు చెప్పను. తప్పులో సగం నాదే, ఏం చేస్తారో అడగకుండా ఇచ్చి వచ్చాను కాబట్టి.

తాత తెనాలి దగ్గర పల్లెలో వడ్రంగి. నాగళ్లు, బండి చక్రాలు, ద్వారబంధాలు ఆయన పని. ఆయన పోయాక పెట్టెలో మిగిలినవి ఈ బాడిస, ఒక చిత్రిక, పళ్లు అరిగిపోయిన రంపం. బాడిస పిడి నల్లతుమ్మది. చేయి పడే చోట నల్లగా నునుపెక్కి, బొటనవేలు ఆనే దగ్గర చిన్న గుంట పడి ఉండేది. తాతది ఎడమచేతి వాటం. ఆయన్ను ఎన్నడూ చూడనివాడు కూడా ఆ గుంట ఏ పక్కన ఉందో చూసి ఆ సంగతి చెప్పేయగలిగేవాడు.

దుకాణం నుంచి తిరిగి వచ్చిన బాడిసలో ముఖం చూసుకోవచ్చు. పిడి కొత్త టేకు, దాని మీద జారిపోయే వార్నిషు. అడుగున ఒక పీట, ఆ పీటకు బాడిసను ఎపాక్సీ జిగురుతో అతికించేశారు. ఇక అది చచ్చినా లేవదు. పాత పిడి ఏదని అడిగితే "పుచ్చిపోయింది సార్, పారేశాం" అన్నారు. పుచ్చలేదు. రెండు రోజుల ముందు దాన్ని నేనే నా చేత్తో తుడిచాను.

అసలు పాత ఇనుము అనగానే గ్రైండరు తీయాలన్న ఆలోచన ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. పలచటి అంచును గ్రైండరుకు ఆనిస్తే క్షణాల్లో కాలుతుంది. ముందు గడ్డి రంగు, ఆ తర్వాత ఊదా, దాదాపు 300 డిగ్రీల దగ్గర నీలం. పాతకాలపు మామూలు ఉక్కు నీలం తిరిగిందంటే మెత్తబడినట్టే, ఇక అక్కడ పదును నిలవదు. మా బాడిస అంచు పొడవునా నెమలికంఠం రంగు. దుకాణంలో దాన్నే చూపించి "ఎంత అందంగా వచ్చిందో చూడండి" అన్నారు!

తుప్పు వదిలించడానికి అంత హింస అక్కర్లేదు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, చాకలి సోడా, పాత బ్యాటరీ చార్జరు చాలు. పనిముట్టును రుణధ్రువానికి, ఒక పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువానికి తగిలించి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి ఎర్ర తుప్పు బురదలా వదిలిపోతుంది, కింది ఇనుము అరగదు. ధనధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వాడకండి, అందులోని క్రోమియం నీళ్లలోకి దిగి విషమవుతుంది. తలుపులు తీసి పెట్టండి, హైడ్రోజన్ వస్తుంది. ఆ పైన నేను చేసేది కరక్కాయ కషాయం పూయడం. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం మిగిలిన తుప్పుతో కలిసి నీలి నలుపు పొరగా మారుతుంది. ఇదేమీ నా పరిశోధన కాదు. మా బెజవాడ వైపు పెడన కలంకారీవాళ్లు గుడ్డ మీద నలుపు తెప్పించేది ఈ కిటుకుతోనే: కరక్కాయలో ముంచిన గుడ్డ, దాని మీద తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లు.

నెమ్మదిగా శుభ్రం చేస్తే ఇంకో లాభం ఉంది. వన్‌టౌన్‌లో ఒక పాత ఇనుప కొట్టులో కిలోల లెక్కన కొన్న ఉలి ఒకటి నా దగ్గర ఉంది. తుప్పు వదిలాక దాని మీద రెండు ముక్కలు బయటపడ్డాయి: షెఫీల్డ్ (ఇంగ్లండులో ఉక్కుకు పేరుపడ్డ ఊరు), కాస్ట్ స్టీల్. కాస్ట్ అన్నారు కదా అని పోత ఇనుమనుకున్నాడు మా బావమరిది, పెదవి విరిచాడు. ఆ ముద్రకు అర్థం మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో కరిగించి తీసిన మేలురకం ఉక్కు అని. షెఫీల్డ్‌లో ఆ పద్ధతిని 1740లలో మొదలుపెట్టినవాడు బెంజమిన్ హంట్స్‌మన్. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే దక్కనులో మూస ఉక్కు తీసేవారు. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అదే గ్రైండరుకు ఇచ్చి ఉంటే ఆ రెండు ముక్కలూ నిప్పురవ్వలై ఎగిరిపోయేవి, మా బావమరిది మాటే నెగ్గేది.

సరే, ఈ ఏడుపంతా తీసుకెళ్లి ఆటోనగర్‌లో లారీ బాడీలకు చెక్కపని చేసే ఒక పెద్దాయన ముందు పెట్టాను. ఆయన అంతా విని బాడిసను తిప్పి చూసి, "మీ తాత ఎన్ని పిడులు మార్చి ఉంటాడో తెలుసా నాయనా? నువ్వు ఏడుస్తున్నది పదోదో పదకొండోదో అయ్యుంటుంది. ఆయనే ఉంటే దాన్ని పొయ్యిలో పెట్టి నీళ్లు కాచుకునేవాడు" అన్నాడు.

నా నోరు పడిపోయింది. నిజమే కదా. పనివాడికి పిడి చెప్పుల్లాంటిది, అరిగితే మారుస్తాడు. కానీ తాత మార్చిన ప్రతి పిడికీ మళ్లీ అదే చోట గుంట పడి ఉంటుంది. కాబట్టి నా కోపాన్ని కాస్త సవరించుకుంటున్నాను. పిడి మార్చినందుకు కాదు, ఇక ఎవరూ చేత్తో పట్టుకోలేనట్టు మార్చినందుకు.

ఆ పెద్దాయనే దాన్ని బతికించాడు. మరుగుతున్న నీళ్లు పోసి పోసి ఎపాక్సీని మెత్తబరిచి, చెక్క సుత్తితో తట్టి పీట నుంచి ఊడదీశాడు. నీలం తిరిగిన మేర సానరాయి మీద ఓపికగా అరగదీశాడు. నీడన ఆరిన తుమ్మ కర్ర తెచ్చి, ఈనెలు పిడి పొడవునా తెగకుండా సాగేలా చెక్కాడు. బిగించడం మాత్రం మే నెల దాకా ఆగి చేశాడు. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బిన కర్రను బిగిస్తే బెజవాడ ఎండలకు కుంచించుకుపోయి తల ఊడిపోతుందట. వదులైన పిడిని నీళ్లలో నానబెట్టేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంట. ఉబ్బిన కర్ర కన్నంలో నలిగిపోయి, ఆరాక మునుపటికంటే వదులవుతుంది మరి. వార్నిషు మాట ఎత్తితే నవ్వాడు, అరచేతులు బొబ్బలెక్కడానికా అని. అవిసె నూనె పట్టించాం. (నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.)

స్టాండు నేనే చేసుకున్నాను. పాత గుమ్మం ముక్క మీద రెండు కొయ్య మేకులు, అంతే. జిగురు లేదు, స్క్రూ లేదు. ఇనుము ఆనే చోట తేనెమైనం రుద్దాను, లేకపోతే ముసురు పట్టినప్పుడు చెక్కలోని టానిన్ తగిలి నల్లటి మరక పడుతుంది. అంచు గోడ వైపు, పిడి మన వైపు. ఒంటిచేత్తో తీసుకోగలగాలి, ఒంటిచేత్తో పెట్టగలగాలి. స్టాండుకు నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే. లాగితే పీటతో సహా వచ్చేదాన్ని ఏమనాలో మీరే చెప్పండి. మొన్న దసరాకు ఒకరి ఇంట్లో అలా అతికించిన గొడ్డలికి పసుపు కుంకుమ పెట్టి ఆయుధ పూజ చేశారు. పాపం, ఆ గొడ్డలి పుల్ల కొట్టి ఎన్నేళ్లయిందో.

ప్రస్తుతం మా హాల్లో స్టాండు ఖాళీగా ఉంది. పెద్దాయన ఇంకా కాస్త పని ఉంది, రెండు రోజుల్లో ఇస్తానని బాడిస మళ్లీ పట్టుకెళ్లి పదకొండు రోజులైంది. ఇంటికి వచ్చినవాళ్లు గోడకు ఆ రెండు మేకులేమిటని అడుగుతున్నారు, మా ఆవిడ చేతిసంచి తగిలించేసింది. నిన్న ఫోను చేస్తే, పని ఇంకా తెమలలేదు, దసరాలోపు ఇస్తానులే అన్నాడు. దసరా మొన్ననేగా అయిపోయింది.