ఎంత కండ ఉంటే సరిపోతుంది?

మహిళల బాడీబిల్డింగ్‌లోనూ, కండ కన్నా శరీర తీరుకు ఎక్కువ విలువిచ్చే ఫిగర్ పోటీల్లోనూ న్యాయనిర్ణేతలకు ఏం కావాలో వారికైనా తెలుసా అన్న అనుమానం నాకు ఏళ్లుగా తీరడం లేదు. కండ పెరిగితే ఆడతనం పోయిందంటారు, తగ్గితే సాధన చాలలేదంటారు. కండ మితిమీరిన క్రీడాకారిణులు దాన్ని 20 శాతం తగ్గించుకోవాలని 2004 డిసెంబరులో అంతర్జాతీయ బాడీబిల్డింగ్ సమాఖ్య ఐఎఫ్‌బీబీ చెప్పింది గానీ, దేనిలో 20 శాతమో, వేదిక మీద నిలబడిన మనిషిలో దాన్ని ఏ కంటితో కొలుస్తారో ఎవరికీ అంతుపట్టలేదు. (మగవారికి మాత్రం ఈ హితబోధ చేయలేదు లెండి!) 1980లో మొదలైన, మహిళల బాడీబిల్డింగ్‌లో అతి పెద్ద పోటీ అయిన మిస్ ఒలింపియానైతే 2014 తర్వాత ఏకంగా ఆపేసి, 2020లో మళ్లీ తెచ్చారు. ఒకే శరీరానికి ఒక వేదిక మీద మొదటి స్థానం, మరో వేదిక మీద చివరి వరుస దక్కితే, ఆ అమ్మాయి తర్వాతి పోటీకి కండ పెంచాలా, కరిగించాలా?